పన్నెండు జింకల అర్జీ

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. సికింద్రాబాద్ స్టేషన్‌లో నా ఒళ్ళో బడిపిల్లల నోటు పుస్తకాలు చూసి, పక్కన కూర్చున్న ముసలాయన అడిగాడు: "టీచరమ్మా, జెర అర్జీ రాసిస్తరా?"

జొన్న చేల నడుమ నవాబుల వేట కోసం కాపాడిన చిన్న అడవికి ఆయన కాపలాదారు. సర్కారు మారాక చుట్టుపక్కల రైతులు నాగళ్ళతో లోపలికి జరుగుతున్నారట, తుపాకులతో జింకలను కొడుతున్నారట. తిరిగిన మూడు కచేరీల్లోనూ "ఆ అడవి మాది కాదు" అన్నారట.

వింటుంటే నాకు ఒళ్ళు మండింది. "ఎన్ని జింకలు మిగిలాయి?" అన్నాను.

"పదకొండు. పన్నెండని రాయుండ్రి. ఒకటి సూడితోని ఉంది."

రాశాను. వెనకటి అర్జీల్లో హుజూర్ వారి బిరుదులే మూడు వరసలుండేవి. ఇప్పుడు?

"పైన ఎవరి పేరు పెట్టను?" చిరాగ్గా అడిగాను.

"గా జాగ ఖాళీ ఉంచుండ్రి. కుర్సీల ఎవరు కూసుంటే గాళ్ళే రాస్కుంటరు."

కాగితం మడిచి, తలపాగాలో దోపుకొని, మళ్ళీ కచేరీ వైపే నడిచాడు.

తర్వాత ముప్పై ఏళ్లు పిల్లలకు అర్జీ రాయడం నేర్పాను. పైన 'ఎవరికి' అని రాసే చోట ప్రతిసారీ నా సుద్దముక్క ఆగేది.