నిచ్చెన మీద ఉపగ్రహం

ఇప్పుడంటే ఫ్రిజ్ తలుపు తీస్తే ఐసు గానీ, నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో గురజాలలో ఐసు చూడాలంటే నరసరావుపేట బస్సు కోసం కాచుకోవాల్సిందే. అరవైల నడుమ మాట. అక్కడి మిషన్ హైస్కూల్లో నేను సైన్సు టీచర్ని, ఇంకా పర్మనెంటు కాలేదు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి నా పాఠం చూసి సరేనంటేనే అవుతుంది. నాకేమో అందరూ చెప్పే పాఠం చెప్పాలంటే నామోషీ. ధ్రువాల దగ్గర సముద్రం మీది మంచును ఉపగ్రహాలు పైనుంచి ఫొటోలు తీస్తున్నాయని పేపర్లో చదివి, అదే చేసి చూపిస్తానని కూర్చున్నాను.

ఊకలో మూటగట్టిన ఐసు దిమ్మ బస్సు టాపు మీద వచ్చింది (కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన వానొస్తోందనుకుని తల లోపలికి లాక్కున్నారట). దాన్ని క్లాసులో నీళ్ల తొట్టిలో వేసి, తొట్టి మీద అడ్డంగా నిలువుగా దారాలు కట్టి, చీర కుచ్చిళ్లు దోపుకుని నేనే ఉపగ్రహమై నిచ్చెన ఎక్కాను. పావుగంటకోసారి ఐసు ఎంత మిగిలిందో, కిటికీ గాలికి ఎటు జరిగిందో గళ్ల కాగితం మీద గీయడం నా పని. మూడు బొమ్మల దాకా గడి చొప్పున బుద్ధిగా తగ్గింది. ఇంతలో ఇన్‌స్పెక్టరు గారి జీపు వచ్చిందంటే దిగి వెళ్లి దండం పెట్టి వచ్చాను. మళ్లీ ఎక్కి చూస్తే ఒక్కసారే ఐదు గళ్లు మాయం. ఉన్నదున్నట్టు గీశాను.

హెడ్మాస్టరు గారు తొంగి చూసి కంగారు పడ్డారు. "ఏందమ్మా ఇది? నీకు గీయడం రాదనుకుంటాడాయన. చెరిపేసి, మిగతా వాటి మాదిరే ఒక్క గడి తగ్గించి గియ్యి."

రబ్బరు తీసుకున్నాను. ఉద్యోగం పోతుందన్న భయంతో కాగితం మీద ఆనించాను కూడా. కానీ ఉపగ్రహమే అబద్ధమాడితే ఇక దాన్ని పైకి పంపడం ఎందుకు? చెరపలేకపోయాను.

ఇన్‌స్పెక్టరు గారు గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చి, నాలుగో బొమ్మ దగ్గర ఆగారు. "ఇక్కడ ఇంత మంచు ఏమైందమ్మాయ్?"

"తెలియదండీ. కనిపించింది గీశాను" అన్నాను.

గుమ్మం దగ్గర నిలబడిన మా స్కూలు ఆయమ్మ అందుకుంది. "ఏమైద్దండీ. ఎండన పడి వచ్చారని తమరి నిమ్మకాయ నీళ్లలోకి నేనే కాస్త కొట్టుకెళ్లా. చానా బాగుందని తమరే రెండో గ్లాసు అడిగితిరి గదా."

హెడ్మాస్టరు గారు పైకప్పు పరిశీలించసాగారు. ఇన్‌స్పెక్టరు గారు గ్లాసులోకి చూసుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. "అయితే లెక్క సరిగ్గానే ఉంది. తాగినవాణ్ణి నేనే" అంటూ సంతకం చేశారు. నేను పర్మనెంటయ్యాను, ఉపగ్రహం టీచరన్న పేరూ పర్మనెంటయింది.

మొన్న టీవీలో ఉత్తర ధ్రువపు మంచు ఏళ్ల తరబడి ఎలా తగ్గిపోతోందో ఉపగ్రహం తీసిన బొమ్మలు వరసగా చూపించారు. నాకు తెలియకుండానే వేలు గాల్లో గళ్లు లెక్కపెట్టింది. ఇంత మంచు ఏమైందా అని, ఆయమ్మ జవాబు చెబుతుందేమోనన్నట్టు గుమ్మం వైపు చూశాను. పోయి ఎన్నాళ్లయిందో ఆవిడ. నా చేతిలో నిమ్మకాయ నీళ్లు, అందులో రెండు ఐసు ముక్కలు. నాలో నేనే నవ్వుకున్నాను.

"ఇంకో గ్లాసు ఇమ్మంటారా అత్తయ్యా?" అంది కోడలు.

వద్దులేమ్మా అన్నాను.