రెండు గోడల వాన

మొన్న మధ్యాహ్నం గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో కూర్చుని పేపరు చదువుతుంటే పక్కనున్న ఫోను చిన్నగా మోగి ఒక కబురు చెప్పింది: మీరున్న చోట ప్రస్తుతం వాన పడుతోంది. తలెత్తి చూశాను. రోడ్డు మీద తారు మెత్తబడేంత ఎండ. ఎదురింటి మేడ మీద ఆరబోసిన వడియాల పక్కన కాకి ఒకటి నోరు తెరుచుకుని కూర్చుంది. ఫోనులో మాత్రం నీలం చుక్కలు జారుతూనే ఉన్నాయి. ఎక్కడో లెక్క తప్పింది, అంతే. జీవితమంతా మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసినవాణ్ణి, ఈ మాత్రం దానికి కారణం తెలియదా? అయినా లేచి వెళ్ళి చెయ్యి బయటికి చాపి చూశాను. పొడిగానే ఉంది. అయినా ఆ పొడి చేతినే పంచెకి తుడుచుకున్నాను. దానికి కారణం ఫోను కాదు, మా బావ.

తొంభైల చివర్లో మా వీధిలో ఇంటర్నెట్ సెంటర్లు పుట్టుకొచ్చిన కొత్తల్లో, నాలాంటివాళ్ళం కొందరం కలిసి ఒక మెయిల్ గ్రూపు పెట్టుకున్నాం. పేరు ‘చినుకు’. మేమంతా దాన్ని లిస్టు అనేవాళ్ళం. మా సరదా ఒక్కటే, వాన కొలవడం. నవ్వకండి. స్టాంపులు దాచుకునేవాళ్ళు లేరా, అగ్గిపెట్టెల బొమ్మలు అతికించుకునేవాళ్ళు లేరా? మేం మేడ మీద ఒక గరాటు, దాని కింద ఒక సీసా పెట్టుకుని, పొద్దున్నే అందులోని నీళ్ళని గీతలున్న గాజు గొట్టంలో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి, ఊరి పేరూ అంకే రాసి లిస్టుకి పంపేవాళ్ళం. చుక్క పడని రోజు ‘పొడి’ అని ఒక్క మాట రాయాలి. రాయకుండా ఊరుకోవడానికి వీల్లేదు. వాన లేదనడం కూడా కొలతేనని నేను పట్టుబట్టి పెట్టించిన నియమం అది. సెంటర్లో ప్లైవుడ్ చెక్కల మధ్య, చెప్పులు బయట విడిచి, మిర్చి యార్డు నుంచి వచ్చినవాళ్ళ దగ్గు వింటూ, ఎక్కడెక్కడి ఊళ్ళలోనో పడిన వానని చదువుకోవడంలో ఎంత హాయి ఉండేదో ఇప్పటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

ఈ లిస్టుకి ప్రాణం కొత్తపట్నంలో ఉంటూ చేపలకి ఐసు అమ్మే ఒక సాయిబు గారు. ఒంగోలులో ఆయన కొట్లో కంప్యూటరు ఉండేది. అల్పపీడనమైనా, అకాలపు మబ్బైనా ముందు ఆయన గరాటు మీదికే వచ్చేది. “సముద్రం పక్కన ఇల్లు కట్టుకున్న పాపానికి వాన నా దగ్గరే బోణీ చేస్తది మాస్టారూ” అనేవారు. ఆయన పొద్దున అంకె రాశారంటే, మధ్యాహ్నానికో సాయంత్రానికో చిలకలూరిపేట అవతల మా అక్క వాళ్ళ ఊళ్ళో చినుకు పడేది. మా బావ మిరప రైతు. నేనే ఆయనకి గరాటూ గొట్టమూ కొనిపెట్టాను. “ఏరా బామ్మర్దీ, ఆకాశం ఉచ్చ పోస్తే కొలవడానికంట్రా నువ్వు చదివింది?” అని ఊరంతా వినేట్టు నవ్వాడు. నెల తిరక్కుండానే ఆ గరాటుని ఎవర్నీ ముట్టుకోనివ్వని స్థితికి వచ్చాడు. స్నానం చేస్తే గాని గొట్టం పట్టుకునేవాడు కాదు. ఒకసారి వెళ్ళి చూస్తే గరాటుకి పసుపూ కుంకుమా ఉన్నాయి. దాని మీద మా ఇద్దరికీ పెద్ద గొడవే అయింది. రోజూ బూత్ నుంచి ఫోన్ చేసి అంకె చెప్పేవాడు, నేను లిస్టులో పెట్టేవాణ్ణి. అవి కరువు రోజులు. బావ అంకె చెప్పిన రోజులు అరుదు. పొడి, పొడి, పొడి. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతే ఎండినట్టుండేది.

కరువుకి అప్పుడు పదవిలో ఉన్నాయన పాదమే కారణమని జనం అన్నారు. రెండువేల నాలుగులో ఆయన దిగి మరొకాయన ఎక్కాడు. ఒకటి రెండేళ్ళు వానలు బాగానే పడ్డాయి. పడడానికి కారణం బంగాళాఖాతం. కానీ ఆ మాట చెప్పి ఓట్లు తెచ్చుకున్నవాళ్ళు లేరు. బస్టాండులో, యార్డులో, చదువుకున్నవాళ్ళ పెళ్ళిళ్ళలో కూడా ఒకటే పాట: కొత్తాయన కాలు పెట్టాడు, వాన పడింది. చివరికది మా లిస్టులోకి వచ్చింది. వాన కొలిచేవాళ్ళ మధ్యకే వచ్చిందంటే నాకెంత ఒళ్ళు మండి ఉంటుందో ఊహించుకోండి. మేఘానికి ఓటరు కార్డు లేదని, గాలికి కులం లేదని పేజీలకు పేజీలు రాసి పంపాను. నా వాదన నచ్చినవాళ్ళందరూ పాతాయన మనుషులని తేలింది. నచ్చనివాళ్ళు కొత్తాయన మనుషులు. వాదనని వాదనగా చదివినవాడు ఒక్కడూ ఉన్నట్టు లేడు.

ఆ తరవాత జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ సరైన మాట దొరకదు. ఒకరోజు సెంటర్లో కూర్చుని లిస్టు తెరిస్తే గుంటూరు పేరు ఎదురుగా ఒక అంకె ఉంది, మంచి వాన. ముందురోజంతా నేను గుంటూరులోనే ఉన్నాను. చినుకు లేదు. ఎవరో పొరబడ్డారనుకుంటుండగా ఇంకొకాయన రాశాడు, తమ వీధిలో కూడా దంచి కొట్టిందని. మూడో ఆయన, మట్టి వాసన ఇంకా పోలేదని. నాలుగో ఆయన, మేడ మీద బట్టలు తడిసిపోయాయని ఇంట్లో తిట్లు తిన్న సంగతి. నేను లేచి బయటికొచ్చి కాలవ గట్టు మీద నుంచి వంగి చూశాను. ఎండి పెచ్చులు లేచిన బురద. కొద్దిరోజులకి దీనికి తిరగేసినది జరిగింది. దారిలో నిలువునా తడిసి, సెంటర్లో చొక్కా పిండుకుని కూర్చున్నాను. పాతాయన మనుషులు ముగ్గురు, ముగ్గురూ గుంటూరు వాళ్ళే, అరగంట క్రితం రాసిన మాట తెర మీద ఉంది: పొడి. నా మోచేతి నుంచి నీళ్ళు కీబోర్డు పక్కన చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. పక్క గదిలో ఎవరో దగ్గారు. ఆ ముగ్గురిలో ఒకడేమోనన్న అనుమానం వచ్చి, ఆ గది పరదా తొలగించి చూడడానికి చెయ్యి రాలేదు.

చివరికి లిస్టు రెండుగా చీలింది. చీల్చింది మాత్రం వాన కాలపు వాన కాదు, కల్లాల మీది వాన. మిరపకాయ కోసి కల్లంలో ఆరబోసే మాఘ ఫాల్గుణాల్లో చినుకు పడితే కాయ రంగు పోయి తెల్లబడుతుంది, దాన్నే తాలు అంటారు. ఆ కాలంలో పడే వాన రైతు నోట్లో మన్ను. కొత్తాయన పాలనలో అలాంటి వాన పడిందని రాయడం ద్రోహమని ఆయన మనుషులు తీర్మానించారు. సాయిబు గారు రాశారు. ఎందుకు రాశావని నిలదీస్తే ఒక్క ముక్కలో జవాబిచ్చారు: “నా గరాటు ఏ పార్టీ కాదయ్యా. పడింది, రాశా.” ఆయన్ని తీసేశారు. తీసేసినవాళ్ళది ఒక లిస్టు, మిగిలినవాళ్ళది ఒక లిస్టు అయింది. మా బావ కొత్తాయన మనిషి, మొదటి దాంట్లో ఉండిపోయాడు. వాళ్ళ ఊళ్ళో ఎరువుల కొట్టాయన కంప్యూటరు కొన్నాడు. ఆయన రోజూ ఆ లిస్టుని అచ్చు తీసి కొట్టు గోడకి అంటించేవాడు. ఎదురుగా ఉన్న టీ హోటల్ గోడ మీద రెండో లిస్టు. మధ్యలో ఒక బండి పట్టేంత రోడ్డు.

శివరాత్రి వెళ్ళిన వారం నేను అక్కని చూడ్డానికి వెళ్ళాను. ఎన్నో ఏళ్ళ పొడి తరవాత వాళ్ళకి దక్కిన మొదటి నిండు పంట అది. పెట్టుబడి మొత్తం, రెక్కల కష్టం మొత్తం ఆ కల్లంలో ఎర్రగా పరుచుకుని ఉంది. బస్సు దిగగానే హోటల్ గోడ చూశాను. కొత్తపట్నం ఎదురుగా పెద్ద అంకె. రోడ్డు దాటి కొట్టు గోడ చూశాను. పై నుంచి కింది దాకా పొడి. తూర్పున ఆకాశం తడిసిన పలక రంగులో ఉంది. ఊరి బయట కల్లాలన్నీ ఒకచోటే. అందులో సగం మీద నీలం ప్లాస్టిక్ బరకాలు కప్పి ఉన్నాయి, సగం బోసిగా ఉన్నాయి. కప్పినవి పాత పార్టీవి, కప్పనివి కొత్త పార్టీవి. ఎవరూ చెప్పనక్కర్లేదు, గట్టు మీద నించుని ఎన్నికల ఫలితం చదువుకోవచ్చు.

“బావా, సాయిబు గారు అంకె రాశారు. చిన్నది కాదు. బరకాలు తియ్యి” అన్నాను.

“ఏ గోడ మీద చూశావ్?”

“హోటల్ గోడ మీద.”

“అదీ సంగతి. సాయిబు మంచోడేరా, నేను కాదన్నానా? ఆయన పంపిన ఎండుచేపలు మీ అక్క ఇప్పటికీ తలుచుకుంటది. కానీ లిస్టు మారాడు. ఆయన వాన ఆ గోడోళ్ళ మీదే పడుద్ది.”

నేను నవ్వాను. వేళాకోళమనుకున్నాను. బావ నవ్వలేదు.

అక్క అప్పటికే పాక లోంచి బరకం ఈడ్చుకొస్తోంది. “ఏందయ్యా నీ గోల? కాయ తడిస్తే నీ గోడొచ్చి తాలు ఏరుద్దా?”

“అది తీసెయ్. ఊరు చూస్తంది. పొద్దుగూకేసరికి నేను పార్టీ మారానంటారు.”

“నువ్వు మారబాకలే. కాయ మారుద్ది.”

నేను రెండో కొస పట్టుకున్నాను. పక్క కల్లం నుంచి ఎవరో కేకేశారు. “ఏంది వదినా, మీరు గూడా అటేనా?”

“అటూ లేదు, ఇటూ లేదు. పైకి చూడు” అంది అక్క.

అతను పైకి చూడలేదు. అప్పుడు గమనించాను, బోసి కల్లాల దగ్గరున్నవాళ్ళెవరూ పైకి చూడడం లేదు. మంచాల మీద, గట్ల మీద, అందరూ తూర్పుకి వీపు పెట్టి కూర్చున్నారు. పిట్ట అరుపు లేదు. గాలి ఆగిపోయి మిరప ఘాటు ఉన్నచోటే నిలబడి గొంతు పట్టుకుంటోంది. మేం సగం కల్లం కప్పేసరికి మొదటి చినుకులు పడ్డాయి. ఎండిన మిరపకాయల మీద చినుకు పడితే గలగలమంటుంది, లోపల గింజలు కదిలినట్టు. ఆ చప్పుడు ఒక కల్లం నుంచి ఇంకో కల్లానికి నడిచింది. ఎవరూ లేవలేదు. తల మీద తువ్వాలు వేసుకున్నవాడు కూడా లేడు. వాన వాళ్ళ వీపుల మీద నుంచి, చొక్కాల మీద నుంచి కారుతుంటే ఎండలో కూర్చున్నవాళ్ళలా కూర్చున్నారు. ఒకాయన బీడీ వెలిగించుకుంటున్నాడు. అగ్గిపుల్ల ఆరిపోతుంటే ఇంకోటి గీస్తున్నాడు. మా బావ వాళ్ళ మధ్యే ఉన్నాడు. “బావా!” అని అరిచాను. నా వైపు చూశాడు గాని, నేనెందుకు అరుస్తున్నానో తెలియనట్టే చూశాడు. కాసేపటికి గట్టు పక్కన పల్లానికి లేత ఎరుపు నీళ్ళు పారాయి. అవి ఎవరి కల్లం నుంచి మొదలయ్యాయో చెప్పడానికి వీల్లేకుండా కలిసిపోయి వెళ్ళాయి.

మర్నాడు పొద్దున బావ ఎప్పట్లాగే స్నానం చేసి, గరాటు తీసి, సీసాలో నీళ్ళు గొట్టంలో పోశాడు. గొట్టం నిండిపోయి ఇంకా మిగిలాయి. దాన్ని కంటికెదురుగా పట్టుకుని ఓపిగ్గా చూశాడు. వెనక దండెం మీద ఆయన చొక్కా ఇంకా కారుతోంది. “పొడి” అన్నాడు.

అక్క ఆ గొట్టం లాక్కుని ఆయన ముఖం ముందు పెట్టింది. “మరి ఇదేంది?”

“మంచు.”

నేను అబద్ధాలాడేవాళ్ళని చాలామందిని చూశాను. బాబాలనీ, భూతవైద్యులనీ వేదికల మీద ఎదురుగా కూర్చోబెట్టుకుని వాదించాను. అబద్ధమాడేవాడి కంట్లో ఒక మూల భయం ఉంటుంది, దాన్ని పట్టుకుంటే వాడు దొరుకుతాడు. బావ కంట్లో ఆ మూల లేదు. ఆయన నిజంగానే పొడి చూస్తున్నాడు. దయ్యాలు లేవని నిరూపించడం నాకు వచ్చు. కళ్ళముందు నీళ్ళు ఉన్నాయని నిరూపించడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. మేం కప్పిన సగం ఎర్రగానే మిగిలింది. కప్పని సగం వారంలో తెల్లబడింది. దాన్ని అక్క ఒక్కతే కూర్చుని ఏరింది. పురుగుమందు సరిపడక రంగు పోయిందని బావ అందరికీ చెప్పాడు. అందరూ అవునన్నారు, వాళ్ళ కాయకీ అదే తెగులు.

తరవాత రెండు లిస్టులూ పలచబడి ఆగిపోయాయి. కొన్నేళ్ళకి ఆ మెయిల్ గ్రూపులు నడిపే కంపెనీయే వాటిని మూసేసింది. పడిన వానలూ, పడని వానలూ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. సాయిబు గారు ఐసు వ్యాపారం మానేసి ఎటో వెళ్ళారని విన్నాను.

మొన్న ఫోను అలా వాన వాన అంటుంటే ఉండబట్టలేక అక్కావాళ్ళకి ఫోన్ చేశాను. బావే ఎత్తాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగాను, ఆ ఏడు కల్లం మీద పడిన వాన గుర్తుందా అని. “ఆ ఏడా? చుక్క పడలేదురా. ఏ తెగులో తగిలి సగం కాయ పోయింది గాని” అన్నాడు. నేను కోపంగా, ఫోన్ అక్కకివ్వమన్నాను. అక్క వస్తే నా పక్కన నిలబడుతుందని నా ధీమా.

“అక్కా, నువ్వూ నేనూ బరకం కప్పాం గదా, ఆ వాన...”

అక్క చాలా మామూలుగా, మతిమరుపు తమ్ముణ్ణి సముదాయిస్తున్నట్టు అంది: “ఎండకి కప్పాం గదరా. ఆ ఏడు వానెక్కడ పడింది?”

వరండాలో ఇంకా ఎండే ఉంది. ఎదురింటి కాకి ఎగిరిపోయింది. నేను మళ్ళీ చెయ్యి బయటికి చాపి చాలాసేపు అలాగే ఉంచాను. తడిసిన మిరపకాయని ఎప్పుడు చూసినా రంగుని బట్టి వాన పడిందని చెప్పొచ్చు. మనుషుల మీద పడిన వానకి కాలం ఆ పాటి రంగు కూడా మిగల్చదు.