రంగు దిగే చొక్కాలు

మా ముత్తాత రంగూన్ రేవులో కూలీల మేస్త్రీ. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఓడ దిగిన మనిషికి ఆయన చూపించిన చోటే పని, ఆయన చెప్పిన చోటే పడక. మా తాత సరుకు పడవల యజమాని. అక్కడి లమ్మడా రేవులో ఆయన పడవలన్నీ కట్టి ఉన్న రోజున అవతలి ఒడ్డు కనిపించేది కాదని చెప్పుకునేవారు. కొంచెం ఎక్కువగానే చెప్పుకునేవారనుకోండి. మా నాన్న, పడవలు చేయి జారిపోయాక మిగిలిన పెద్దరికానికి వారసుడు. ఆ పెద్దరికం ఏమిటంటే, తాత రేవు కూలీల కోసం పెట్టిన ఫుట్‌బాల్ క్లబ్బుకి పెద్దగా ఉండడం, మ్యాచ్ రోజున గట్టు పక్కన వేసిన టేకు కుర్చీలో కూర్చోవడం. నేను ఆ ముగ్గురికీ వారసురాలిని. ఈ ఊళ్లోనే సంచౌంగ్ పేటలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాను, వెన్ను వాల్చకుండా కూర్చుంటాను, చూడడానికి వచ్చినవాళ్లకు టీ ఇవ్వకుండా పంపను. ఈ వంశక్రమమంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, మొన్న ఒక వాన మధ్యాహ్నం, కరెంటు లేని వేళ, మా గుమ్మం ముందు ఒక నీలం ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని మా క్లబ్బు పాత గోల్ కీపరు నిలబడ్డాడు.

ఆయనకు నాకంటే ఆరేడేళ్లు ఎక్కువ ఉంటాయి. బాప్టిస్టు కుటుంబం, తండ్రి మా తాత పడవల మీద సరుకు దించినవాడు. ఎంత వయసు వచ్చినా నన్ను చిన్నమ్మగారనే అంటాడు, నేనూ ఆ పిలుపును వారించను. "సిన్నమ్మగోరూ, మీరు ఇంకో అంతస్తు పైకి ఎక్కీసినారంటే నాను రాలేను. మోకాళ్లు రెండూ ఫౌలు, ఫౌలు అని అరుస్తన్నాయి" అంటూ లోపలికి వచ్చాడు. వెనకాలే ఆయన మనవరాలు, కాలేజీ చదివే పిల్ల, బుగ్గల మీద బర్మావాళ్ల తనఖా చెక్క గంధం పూసుకుని, చంకలో ఒక తెల్ల చొక్కా పెట్టుకుని వచ్చింది.

సంగతి ఇది. మన పిల్లలు కొందరు, బర్మా పిల్లలు కొందరు కలిసి ఆడపిల్లల జట్టు ఒకటి కట్టారు. దానికి మా పాత క్లబ్బు పేరే పెట్టారు. ఆదివారం మొదటి ఆట. గోల్‌లో నిలబడేది ఈ మనవరాలే. జట్టు చొక్కాలు ఫ్యాక్టరీ నుంచి వచ్చేశాయి, నిండు పసుపు రంగు. పిల్ల ఫోనులో ఫోటోలు చూపించింది. "వాన పడ్డా రంగు దిగదు, అఫ్వా" అంది గర్వంగా. బామ్మను పిలిచినట్టు బర్మా మాటతో పిలుస్తుంది నన్ను. ముసలాయన మాత్రం పెదవి విరిచాడు. "రంగు దిగకపోతే అది మన జట్టేటి? అందుకే ఒక తెల్ల చొక్కా తెచ్చినాం. మీ ఇంటి చేత్తో, పాత పద్ధతిలో, మా పిల్లకి పసుపు ముంచి ఇవ్వాల. బకెట్టు మేమే తెచ్చీసినాం."

ఆయన బాధ అర్థం కావాలంటే రంగు దిగడం గురించి చెప్పాలి. మా తాత జట్టు పెట్టినప్పుడు మా ఇలవేల్పుకి మొక్కుకున్నాడట, ఆటగాళ్లకు పసుపు బట్టలు కట్టిస్తానని. వానాకాలం మొదట్లో, లీగు ఆటలు మొదలయ్యే ముందు, లమ్మడాలోని మా ఇంటి పెరట్లో ఇత్తడి గంగాళం పొయ్యి మీదికి ఎక్కేది. లోపల నన్ను కూర్చోబెడితే తల మాత్రమే బయటికి కనిపించేంత గంగాళం. అందులో మా నానమ్మ పసుపు కలిపి, చొక్కాలు ముంచి, కర్రతో తిప్పి తీసేది. మొదట్లో క్రైస్తవ ఆటగాళ్లు సందేహించారు, అమ్మవారి పసుపు తొడుక్కోవచ్చా అని. వాళ్ల పాస్టరుగారు వచ్చి, గంగాళంలోకి తొంగి చూసి, "బట్టకి రంగుంటది గాని బాప్తిస్మం ఉండదు, తొడుక్కోండి" అన్నారట. ఆ తరువాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. పసుపు నిలిచే రంగు కాదు. వానలో ఆట మొదలైన కాసేపటికే మెడలు, చేతులు, మోకాళ్లు పచ్చబడేవి. ఒరుసుకున్న అవతలి జట్టువాళ్లూ పచ్చబడేవారు. గెలిచిన రోజున గెలిచినందుకు, ఓడిన రోజున ఓడినందుకు అభిమానులు ఆటగాళ్లను కౌగిలించుకుని, తమ చొక్కాలకూ ఆ రంగు అంటించుకుని ఇంటికి పోయేవారు. ఎవరు ఆటకు వెళ్లారో, ఎవరు వెళ్లామని కోతలు కోస్తున్నారో వీధంతటికీ తెలిసేది. భార్యలు తలగడల మీద మరకలు చూపించి తిట్టేవారు.

అంత ప్రేమ ఉన్నా, నిజం దాచను, మాది అట్టడుగు డివిజను. "మనల్ని పైకి పంపడం ఎవళ్ల వల్లా కాలేదు, కిందకి నెట్టడం కూడా ఎవళ్ల వల్లా కాలేదు" అని టీ కొట్లో గొప్పగా చెప్పుకునేవారు. కిందికి నెట్టడానికి ఇంకో మెట్టు ఉంటే కదా. ఇప్పటికీ ఆ కాలపువాళ్లు నలుగురు కలిస్తే ఏది మంచి కాలం అన్న తగువే. పడవల కాలమని ఒకరు. అప్పట్లో ఆట తరువాత అందరికీ మా ఇంట్లో భోజనం. కాదు, గంగాళం కాలమని ఇంకొకరు. భోజనం పోయినా పసుపు మిగిలిన రోజులు. చివరిది నైలాను కాలం. దాన్ని మెచ్చుకునేవారు ఎవరూ ఉండరు, అయినా ఎక్కువ ఆటలు గెలిచింది అప్పుడే.

నైలాను కాలం ఎలా వచ్చిందో నాకు బాగా తెలుసు. ఆ ఏడు మా జట్టు పట్టికలో అడుగున ఉంది. చివరి ఆట నది అవతల తన్లిన్‌లో. కనీసం సమానంగా ముగిస్తే లీగులో ఉంటాం, ఓడితే పేరు కొట్టేస్తారు. అప్పటికే ఒక బట్టల కొట్టాయన క్లబ్బును తాను తీసుకుంటానని, రెడీమేడ్ నైలాను చొక్కాలు ఇస్తానని ముందుకొచ్చాడు. నాన్న అందరినీ కూర్చోబెట్టి, "ఈ ఒక్క ఆట కానివ్వండి. తరువాత మీరు ఏం చెబితే అది" అన్నారు. మా ఇంట్లో అప్పటికి మిగిలిన గౌరవమంతా ఆ ఆట మీదే ఉంది. అది మా అందరికీ తెలుసు, అమ్మకు ఇంకా బాగా తెలుసు.

అమ్మ గొప్పింటి నుంచి గొప్పింటికి వచ్చిన మనిషి. బట్ట ఉతకడం ఆమె ఎరగదు. చొక్కాలు ఉతికే మా ఇంటి చాకలి, వాటికి మంచినీళ్లు తప్ప ఇంకేమీ తగలనిచ్చేవాడు కాదు. అతను కుటుంబంతో ఓడెక్కి దేశానికి వెళ్లిపోయాక ఆ పని చుట్టుపక్కలవాళ్లు చేసిపెట్టేవారు. ఈసారి, ఇంత పెద్ద ఆటకు, తన చేతులతోనే శుభ్రం చేసి పంపాలని అమ్మ నిశ్చయించుకుంది. ఆట రోజు పొద్దున్నే పెరట్లో కూర్చుని, సోడా కలిసిన బార్ సబ్బుతో, ఉన్న బలమంతా పెట్టి రుద్దింది. నేను పళ్లు తోముకుంటూ వచ్చి చూసేసరికి రాతి మీద చొక్కాలన్నీ ఎర్రగా, పెళ్లికూతురి పాదాల్లా ఉన్నాయి. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని పసిపిల్లకైనా తెలుసు. సోడా సబ్బు కూడా అదే పని చేస్తుందని అమ్మకు తెలియదు. పైగా తన్లిన్ జట్టువాళ్లవి ఎర్ర చొక్కాలు. అమ్మ తడి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

నానమ్మ వచ్చి చూసింది. తిడుతుందనుకున్నాను. స్తంభం పట్టుకుని నవ్వింది. "ఏటి కోడలా, జట్టు జట్టంతటినీ పెళ్లికొడుకుల్ని చేసీసినావు! కూకున్నావేటి, లెగు. పారాణి మీద నిమ్మకాయ పిండితే ఏటవుద్ది? మళ్లీ పసుపే అవుద్ది." నాన్న టోకు బజారుకు మనిషిని పంపారు. నిమ్మకాయలు గోనెసంచితో వచ్చాయి. గంగాళం చుట్టూ కూర్చుని అమ్మ, నానమ్మ, నేను, పక్కవాటాల ఆడవాళ్లు, అందరం కోసి పిండాం. నా వేలికి కత్తి తెగిన చోట పుల్లటి మంట ఇప్పటికీ తలచుకుంటే తెలుస్తుంది. ఎర్రదనం విరిగి, మచ్చలు మచ్చలుగా పసుపు తిరిగి వచ్చింది. ఆ రసాన్ని మంచినీళ్లతో జాడించడానికి వేళ లేదు. పడవ టైమైపోయింది, అప్పటికి తన్లిన్‌కి వంతెన లేదు. ఆటగాళ్లు ఆ తడి చొక్కాలే తొడుక్కుని పడవెక్కారు. ఎన్నడూ ఆటకు రాని అమ్మ, ఆ రోజు ఎవరూ పిలవకుండానే వచ్చి నాన్న పక్కన కూర్చుంది. పడవలో జనం మా వైపు తిరిగి ముక్కులు ఎగబీల్చారు.

మైదానంలో తన్లిన్ జనం ఆ వాసన పసిగట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. "నిమ్మకాయలు వచ్చేశాయి, మొహింగా ఏదీ?" అని బర్మాలో అరిచారు. చేపల పులుసులో నూడుల్స్ వేసి, నిమ్మకాయ పిండుకుని తినే వంటకం అది. అది లేనిదే ఇక్కడ తెల్లవారదు. మావాళ్లు ఊరుకుంటారా? "గిన్నెలు మీరు తెండి, పిండడానికి మేమున్నాం" అన్నారు. ఆట బాగానే నడిచింది. ఇంకాసేపట్లో ముగుస్తుందనగా, ఇరుపక్కలా గోలు లేదు. వాన దంచుతోంది. మా గోల్ కీపరు కళ్లలోకి నీళ్లు కారుతుంటే చొక్కా అంచు పైకెత్తి మొహం తుడుచుకున్నాడు. మరుక్షణం రెండు చేతులూ కళ్ల మీద వేసుకున్నాడు. బంతి పెద్ద వేగంగా కూడా రాలేదు. ఆయన పక్కనుంచి, దారి కనుక్కుంటున్నట్టు, నెమ్మదిగా లోపలికి దొర్లింది.

ఆట అయిపోయాక గోల్ కీపరు నాన్న కుర్చీ ముందుకు వచ్చి నిలబడ్డాడు. కళ్లు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి. మా జట్టులోవాళ్లే పట్టుకుని నిలదీశారు, ఏమైందిరా, ఎందుకు వదిలేశావని. ఆయన ఒకసారి అమ్మ వైపు చూశాడు. తలవంచుకుని, "ఎండ కళ్లల్లో పడ్డాది బాబుగోరూ" అన్నాడు. ఆకాశం నల్లగా ఉంది. నాన్న చేతిలో గొడుగు మీద వాన చప్పుడుకు మాటలే సరిగా వినిపించడం లేదు. నాన్న ఆయనను కొంతసేపు చూశారు. "అవున్రా, ఇవాళ ఎండ గట్టిగానే ఉంది" అని, గొడుగు ఆయన తల మీదికి జరిపారు. క్లబ్బు బట్టల కొట్టాయనకు వెళ్లింది. ఆయన మళ్లీ లీగులోకి ఎక్కించాడు, మంచివాడే. కుర్చీలో ఆయన కూర్చున్నాడు. అమ్మ తన చివరి రోజుల వరకూ, తన్లిన్ వెళ్తున్నామని ఎవరన్నా చెబితే, "అక్కడి ఎండ మంచిది కాదు, గొడుగు పట్టుకెళ్లండి" అని హెచ్చరించేది. నమ్మే అనేదో, నమ్మినట్టు ఉండడమే మర్యాద అనుకునేదో, నేను అడగలేదు.

ఇక మొన్నటి సంగతి. బకెట్ చూసి నా వెన్ను ఇంకొంచెం నిటారైంది. "గంగాళం లేని చోట ఆ పని ఏం బాగుంటుంది?" అన్నాను. "మా ఇంటి పసుపు బకెట్లో కలపడం నేను ఎరగను." ముసలాయన బతిమాలలేదు. టీ తాగి, బకెట్‌ను కాళ్ల దగ్గరికి లాక్కున్నాడు, ఇక లేచిపోదామన్నట్టు. అప్పుడు ఆ పిల్ల తన్లిన్ ఆట సంగతి ఎత్తి, నవ్వుతూ తాతను ఆటపట్టించింది. "టీ కొట్లో తాతలందరూ నవ్వుతారు అఫ్వా. అంత వానలో ఎండ ఎక్కడిది తాతా? నిజం చెప్పీ, నిద్రపోయినావు కదూ?" ఆయన తల ఎత్తాడు. పిల్ల వైపు కాదు, గోడ మీద అమ్మ ఫోటో వైపు చూశాడు. "ఎండే" అన్నాడు. "నాకు తెల్దేటి? ఎండే."

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. జీవితమంతా వీధిలోవాళ్ల చేత నవ్వించుకుంటూ, ఒక్కసారి కూడా మాట మార్చలేదు.

నేను లేచి వంటింట్లోకి వెళ్లి పసుపు డబ్బా తెచ్చాను. "ఆ బకెట్ ఇలా పెట్టు" అన్నాను. నీళ్లు కాచి పోసి, పసుపు కలిపి, చొక్కా ముంచి కర్రతో తిప్పాను. ప్లాస్టిక్ బకెట్లోనూ పసుపు పసుపుగానే ఉంది. పిండి ఆరవేశాక ఆ పిల్లకు చెప్పాను: "దీనికి సబ్బు తగలనీకు. పొరపాటున ఎర్రబడితే నా దగ్గరికి తీసుకురా. నువ్వు మాత్రం నిమ్మకాయ పిండకు. ఆటలో మొహం తుడుచుకోవాల్సి వస్తుంది."

"యాదే, యాదే" అని సరేనంది ఆ పిల్ల, ఏమీ పట్టించుకోకుండా. ముసలాయన మాత్రం నా వైపు చూడలేదు. కిటికీలోంచి వాన కేసి చాలాసేపు చూశాడు. "ఎండ బాగా ఉన్నాది సిన్నమ్మగోరూ, కొంచెం తగ్గినాక ఎళతాం" అన్నాడు. కూర్చోమన్నాను. ఇంకో టీ పెట్టాను.

నా అరచేతుల పసుపు ఇంకా వదల్లేదు. ఏది నిలుస్తుందో, ఏది దిగిపోతుందో కాలం మనల్ని అడిగి నిర్ణయించదు. పడవలు అందరికంటే ముందు పోయాయి. లమ్మడా ఇల్లు నాన్న పోయాక అమ్మాం. ఇత్తడి గంగాళాన్ని తన్లిన్ ఆట తరువాతి వానాకాలంలోనే అమ్మేశాం. దాన్ని వీధి గుమ్మం దాటించడానికి ఒక చెవి నాన్న పట్టుకున్నారు, రెండో చెవి మా గోల్ కీపరు పట్టుకున్నాడు.