గంజి పెట్టిన గుడ్డలు

నేను అటెండరుగా ఉన్న కాలేజీ మ్యూజియంలో ఏనుగు పుర్రె దగ్గర ఎప్పుడూ జనమే. సముద్రపు నాచు బీరువా దగ్గర ఎవరూ ఆగరు. ఆగినవాడు కూడా "పాచినేటి, బీరువాలో దాసినారు?" అని నవ్వి పోయేవాడు. నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది. బడి చదువు పెద్దగా లేని నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నది నాచు అంటించిన ఆ అట్టల మీద చీటీలు చదివే. ఎరుపు, గోధుమ, ఆకుపచ్చ, ఎన్ని రకాలని! పాచి అట పాచి.

అవుటర్ హార్బరు కడుతున్న రోజులవి. ఒడ్డున కొండ కింద బండలు ఒక్కొక్కటే అలల్ని ఆపే కొత్త రాతికట్ట అడుగుకు పోతున్నాయి. వాటి మీది నాచు మళ్లీ దొరకదని మా బోటనీ మేడంగారి బెంగ. సముద్రం వెనక్కి తగ్గిన వేళ చూసుకుని ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుని, నేను పంట్లాం మడుచుకుని, మిగిలిన చివరి బండ మీదకు ఎక్కాం. కాపలావాడు మా బకెట్లోకి తొంగిచూశాడు.

"ఏటి బావా, పులుసెట్టుకుంటావేటి?"

"ఎట్టుకున్నా నీకెట్టనులే."

నాచును తట్టలో ఉప్పునీళ్ల మీద తేల్చి, అడుగునుంచి దళసరి కాగితం జొనిపి మెల్లగా పైకెత్తాలి. పైన పాత పంచెగుడ్డ పరిచి బరువు పెట్టాలి. నాచుకున్న జిగురే దాన్ని కాగితానికి అంటిస్తుంది. ఆరాక గుడ్డ ఊరికే ఊడి వచ్చేస్తుంది.

ఈసారి గుడ్డతోపాటు నాచే లేచి వచ్చింది. కాగితాలు ఖాళీ. మేడంగారు కుర్చీలో కూలబడ్డారు. గుడ్డలు ఉతికింది మా ఆవిడ. పరుగున ఇంటికి పోయాను.

"గుడ్డల్ని ఏటి సేసినావు?"

"గంజెట్టినాను."

"ఎవులెట్టమన్నారు?"

"ఒకలు సెప్పాలేటి? గంజి లేని తెల్లగుడ్డ ఇంట్లోంచెల్తే నలుగురూ ఏటనుకుంటారు? కాలేజీవని ఇంకాస్త సిక్కగానే ఎట్టినాను."

ఈ మాట మేడంగారికి ఎలా చెప్పాలా అని నసుగుతూ చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వారు. "అన్నం గంజే కదా, నానితే వదులుతుంది. తట్టలు తీయండి," అన్నారు.

మా ఆవిడ కూడా కొంగు బిగించుకుని వచ్చింది. "నానెట్టిన గంజి, నానే ఇడిపిత్తాను," అంది. ముగ్గురం ఉప్పునీళ్లలో గుడ్డలు నానబెట్టి, వేలి కొసతో తోస్తూ, సాయంత్రానికి అన్నిటినీ విడిపించి కొత్త కాగితాలకు ఎత్తాం. ఒక్క ఎర్రనాచు మాత్రం రాలేదు. వెంట్రుకల్లాంటి కొమ్మలు, లాగితే తెగుతున్నాయి. మేడంగారు ఇక వద్దన్నారు. దాన్ని గుడ్డతోనే ఆరబెట్టి, గుడ్డను అట్టకు కుట్టించారు. సన్నకుట్టు మా ఆవిడదే.

ఆ వారంలోనే ఆ బండ కట్ట రాళ్ల కింద పూడిపోయింది.

తర్వాత మ్యూజియం తనిఖీకి వచ్చిన పెద్దాయన ఒకరు ఆ ఎర్రనాచు అట్ట తిప్పి తిప్పి చూశారు. "ఈ గుడ్డ ముక్క ఏమిటండీ అసహ్యంగా? ఇది పారేసి వేరేది పెట్టించండి."

నేను నోరు తెరవబోయాను. మేడంగారు నా వైపు చూసి, ఆయనతో నెమ్మదిగా అన్నారు: "తప్పకుండా సార్. మీరు ఆ రాతికట్ట కాస్త పక్కకు జరిపించండి, మేం దిగి కొత్తది తెస్తాం."

ఆయన టీ తాగి వెళ్లిపోయారు. అట్టను నేనే మళ్లీ బీరువాలో పెట్టాను, అందరికీ కనబడేలా పై అరలో.