శ్రీ చెరిపిన పూట

పక్కింటి వదిన ఎప్పుడూ గేటు దగ్గరే ఆగి పిలుస్తుంది. ఆ రోజు చెప్పులతోనే వరండా ఎక్కింది. వెనక ఆమె కూతురు, చేతిలో ఖాళీ ప్లాస్టిక్ కవరు.

"ఏంది వదినా గిది? హాల్ టికెట్ కోసం పిల్ల పొద్దున్నుంచి మూడుసార్లు నెట్ సెంటర్‌కు పోయొచ్చింది. తెల్ల కాగితం లెక్క కనబడ్తుందంట. రెండు గంటలకు పరీక్ష. గా సైటు నువ్వే గద చేసింది?"

నేనే చేశాను. నర్సింగ్ ట్రైనింగ్‌కు పిల్లల్ని చేర్చుకునే ఒక చిన్న కాలేజీ కోసం, ప్రవేశ పరీక్ష హాల్ టికెట్లు ఇచ్చే సైటు. బయటివాళ్లకు నేను చేసిన మొదటి పని.

నేను బడి మొహం చూడనిదాన్ని. నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు. ఎనభైల్లో పెళ్లయి కోస్తా నుంచి ఎల్బీనగర్ వచ్చేనాటికి మా వీధంతా హద్దు రాళ్లూ పల్లేరు ముళ్లే. ఈ వదినవాళ్ల జొన్నచేనులోదే మా ప్లాటు. ఇల్లు కట్టుకున్న చాన్నాళ్లకు, దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ కోచింగ్‌కు వచ్చిన పిల్లలు మా పై వాటాలో దిగేవారు. ఖాళీ చేసి వెళ్లేటప్పుడు లావుపాటి జిరాక్స్ పుస్తకాలు వదిలేసేవారు. నా చదువంతా ఆ పుస్తకాలే. దీపం పెట్టినప్పుడల్లా ఆ పిల్లల్ని తలుచుకుని ఒక నమస్కారం పెట్టుకుంటాను.

"నాకు బాగానే వస్తోంది వదినా, చూడు" అని లోపలికి తీసుకెళ్లి కంప్యూటర్ తెర చూపించాను. పేజీ చక్కగా ఉంది.

"నీ ఇంట్ల వస్తే ఏం ఫాయిదా? పరీక్ష గూడ నీ ఇంట్లనే పెట్టిస్తవా?"

పిల్ల కూర్చుని తన నంబరు కొట్టింది. తెర తెల్లగా అయిపోయింది.

నేను చూస్తున్నది మొన్నటి పేజీ. బ్రౌజర్ తన దగ్గర దాచుకున్న పాత కాపీనే నాకు చూపిస్తోంది. నిన్న నేను చేసిన మార్పు తరవాత కొత్త పేజీని ఒక్కసారి కూడా చూడలేదన్నమాట.

ఆ మార్పు ఏమిటంటే, కుదింపు. సైటు నుంచి నెలకు ఇంత సరుకే బయటికి పోవాలని సైటుకు చోటు అద్దెకిచ్చే హోస్టింగ్ వాళ్లు హద్దు పెట్టారు. అది దాటబోతోంది, దాటితే సైటు ఆగిపోతుందని హెచ్చరిక వచ్చింది. అందుకని పేజీలను కుదించి పంపమని సర్వర్‌కు చెప్పాను. అది పేజీని మూటలా బిగించి, 'ఇది కుదించినది, విప్పుకో' అని ముందు ఒక మాట చెప్పి పంపుతుంది. బ్రౌజర్ విప్పి చూపిస్తుంది. నిన్న ఆ పని ముగించి, నా తెర మీద పేజీ చూసుకుని, దేవుడికి దండం పెట్టుకుని లేచిపోయాను.

ఎవరైనా సైటులో చొరబడ్డారా? పిల్లల ఫొటోలన్నీ పోయాయా? గడియారం పదకొండు దాటింది. ఈ పిల్లలాగే ఇంకెందరు ఏ నెట్ సెంటర్లలో నిలబడి ఉన్నారో!

"మా ఆయన బండి తీసి నిలబడ్డడు. సెంటరు మలక్‌పేటల. జర జల్ది చూడు" అంటూ వదిన మెట్టు మీద కూలబడింది.

వేరే బ్రౌజర్ తెరిచాను. అది కనీసం ఒక మాట చెప్పింది: పేజీ విప్పలేని కుదింపుతో వచ్చిందని. ఆ ఒక్క మాటకే మనసులో కృతజ్ఞత చెప్పుకున్నాను. కుదింపు మొత్తం తీసేద్దామంటే హద్దు దాటి సైటే ఆగుతుంది. ఒక ఉత్త పేజీ రాసి, కుదించి పంపాను. అది బాగానే విచ్చుకుంది. అంటే కుదింపులో దోషం లేదు. నా పేజీలలోనే ఏదో అడ్డం పడుతోంది.

సర్వర్ పంపినదాన్ని ఉన్నదున్నట్టు ఒక ఫైల్‌గా దింపుకుని, ఉత్త అక్షరాలుగా తెరిచాను. కుదించినది కాబట్టి అంతా పిచ్చి గీతలే ఉండాలి. ఉన్నాయి. కానీ వాటన్నిటికంటే ముందు, తేటగా, ఒక్క అక్షరం.

శ్రీ.

పలక మీదైనా పద్దు మీదైనా శ్రీ లేకుండా మొదలుపెట్టిన రాత నాన్న చూసేవారు కాదు. ఆ అలవాటుతో, పేజీలన్నీ ముందుగా పిలిచే ఫైల్ నెత్తిన, కోడ్‌కు బయట, శ్రీ రాసుకున్నాను. బయట ఉన్నదాన్ని సర్వర్ ఉన్నదున్నట్టు పంపేస్తుంది. ఇన్నాళ్లూ అది ప్రతి పేజీ మూలన చిన్నగా కనబడుతుంటే సంతోషించాను కూడా. నిన్నటి నుంచి అదే అక్షరం, విడిగా, మూటకు ముందు అతుక్కుని పోతోంది. అంతా కుదించినదే అనుకున్న బ్రౌజర్ శ్రీ దగ్గరే విప్పబోయి ఆగిపోతోంది.

తీసేయాలి. చెయ్యి రాలేదు. పరీక్ష రోజున, పరీక్ష రాయబోయే పిల్ల ఎదురుగా, శ్రీ చెరపడమా? అంతవరకూ పడ్డ భయం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"ఆంటీ, గదొక్కటి తీస్తే వస్తదా?"

"వస్తుందనే అనుకుంటున్నానమ్మా."

"మరి తీయుండ్రి. దేవునికి నేను చెప్పుకుంట."

కళ్లు మూసుకుని చెరిపాను. ఫైల్ సర్వర్‌కు ఎక్కించి, దాచిన పాత కాపీలు తుడిచేశాను. పిల్ల మళ్లీ నంబరు కొట్టింది. ముందు గీతలు, తరవాత పేరు, ఆఖరున రెండు జడల ఫొటో.

మా ఇంట్లో ప్రింటర్ లేదు. పిల్ల నెట్ సెంటర్‌కు పరుగెత్తి, కాగితం పట్టుకుని వచ్చేసరికి వదిన మా దేవుడి గూటిలోంచి పసుపు తీసి, తడిపి సిద్ధంగా ఉంది.

"నంబరు మీద పడకుండా వదినా!"

"నాకు సదువు రాకుంటే కండ్లు గూడ లేవనుకున్నవా? మూలకే పెడ్తున్న."

వాళ్లు వెళ్లాక ఆ ఫైల్ మళ్లీ తెరిచాను. సర్వర్ బయటికి పంపని వ్యాఖ్యల చోటు ఒకటుంటుంది, కోడ్ లోపల. అక్కడ శ్రీ రాశాను. పేజీ తెరుచుకుంది. నమ్మకం చాలక ఇంకో నాలుగుసార్లు తెరిచాను. అయినా దారిలో బండి ఆగితే? గేటు మూసేస్తే?

రెండుంబావుకు ఫోన్ మోగింది. ఎత్తడానికి కూడా భయమేసింది.

"లోపటికి పంపిండ్రు వదినా" అంది ఆమె. "ఇగ నువ్వు తిన్నవా?"