పందిరి గుంజ పాతేలోపు

నా పికప్ జనగామలో, మా ఇంటి ముందు సందులో, నాలుగేళ్లు కదలకుండా నిలబడింది. ఆ నాలుగేళ్లలో దాని గురించి ఎవరు ఏమన్నారో నాకు వరుసగా గుర్తుంది. పాలు పోసేవాడు కోళ్లగూడు చేసుకోమన్నాడు. మా తోడల్లుడు అడగకుండా దాని బానెట్ మీద కూర్చుని అరగంట ఫోన్ మాట్లాడాడు. వీళ్లను పక్కన పెట్టగలను. పక్కింటాయనను మాత్రం పెట్టలేను.

బండి ఆగిపోయిన రోజున దాని నిండా పత్తి ఉంది. మార్కెట్‌కు బయలుదేరుతుంటే ఇంజిన్ రెండుసార్లు దగ్గి చల్లబడింది. సందులోని మగవాళ్లు నలుగురు తోయడానికి వచ్చారు. ఆయన రాలేదు. గేటు మీద మోచేతులు ఆనించి, "తమ్మీ, ఇగ దాన్ని పాత ఇనుము కింద తూకానికెయ్యి. బరువైతే మంచిగనే తూగుతది," అన్నాడు. తోస్తున్న నలుగురూ తోయడం ఆపి నవ్వారు.

ఆ రోజు నుంచి ఆయనను అన్నా అని పిలవడం మానేశాను. "మీరు" అనడం మొదలుపెట్టాను. మా దగ్గర పక్కింటివాణ్ని మీరు అనడం కంటే తిట్టడం నయం. ఆ సంగతి ఆయనకు తెలుసు.

మొన్న ఎండాకాలం మొదట్లో ఆయనే మా గడప దగ్గరికి వచ్చాడు.

"పిల్లగాని పెండ్లి పెట్టుకున్నం. సందుల్నే పందిరి ఏస్తం. నీ బండి జర తీయాలె తమ్మీ."

"తీస్త."

"తాళ్లు కట్టి ట్రాక్టర్‌తోని గుంజిపిద్దామా?"

"అవసరం లేదు. అది దాని ఇంజన్ మీదనే పోతది. మీరు గుంజ పాతేలోపు పోతది."

ఆయన బండి వైపు చూశాడు. నాలుగు టైర్లలోనూ గాలి లేదు. "మంచిది," అన్నాడు. ఆ "మంచిది" కూడా నేను మర్చిపోలేదు.

నలభై రోజులున్నాయి. ఆలోగా ఇంజిన్ నడవకపోతే వాళ్లు తాళ్లు కడతారు. సందంతా చూస్తుండగా నా బండి తూకానికి పోతున్నట్టే పోతుంది. అదొక్కటి జరగకూడదని నిశ్చయించుకున్నాను.

నేను మెకానిక్‌ను కాను. కానీ ఇరవై ఏళ్లు బండి తోలినవాడు దాని కింద ఎన్నిసార్లు పడుకుని ఉంటాడో ఆలోచించండి. చక్రాలు ఊడదీసి బండిని రాళ్ల మీద నిలబెట్టాను. డాష్‌బోర్డు వెనక ఎలుకలు కాపురం పెట్టాయి, వాటిని పంపించాను. వైర్లు మార్చాను. కాళ్ల కింద తుప్పు పట్టిన రేకు కోసేసి, వెల్డింగ్ అతన్ని ఇంటికే పిలిచి కొత్త రేకు వేయించాను. వెనక చక్రాల మీద కుదుపు ఆపే కమాను పట్టీలు ఒక్కొక్కటే విప్పి, తుప్పు గీకి, నూనె పట్టించి మళ్లీ బిగించి, గాలి కొట్టించిన చక్రాలు ఎక్కించాను. పాత రంగు గరుకు కాగితంతో రుద్దుతుంటే మా ఆవిడ వాకిట్లో నిలబడి, "పెండ్లి పిల్లగానికి నలుగు వెట్టినట్లు రుద్దుతున్నవు. నాకు ఏనాడన్న గిట్ల వీపు రుద్దినవా?" అంది.

డ్రైవర్ వైపు తలుపు అడుగంతా తుప్పు తినేసింది. అలాంటి తలుపు భూపాలపల్లిలో పాత బండ్ల సామాన్లమ్మే ఒక దుకాణంలో దొరికింది. దాన్ని బస్సెక్కించి, వెనక వరుసలో పట్టుకుని కూర్చున్నాను. కండక్టర్ వచ్చి తలుపును చూసి, నన్ను చూసి, "ఈయనకు కిటికి పక్క సీటు గావాల్నా పెద్దాయనా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ కండక్టర్ మొహం కూడా గుర్తుంది.

ఇక మిగిలింది డీజిల్ పంపు. దాన్ని విప్పి బాగుచేసే మిస్త్రీ జనగామలోనే ఉన్నాడు. పదకొండేళ్ల కింద అతని దుకాణంలో కూర్చున్న ఐదుగురిలో నలుగురికి చాయ్ తెప్పించి నన్ను వదిలేశాడు. అందుకని పంపును బియ్యం సంచిలో చుట్టి, రైలెక్కి, ఒళ్లో పెట్టుకుని మహబూబాబాద్ తీసుకుపోయాను. డీజిల్ వాసనకు నా పక్కన కూర్చున్నవాళ్లు లేచి వెళ్లిపోయారు. ప్రయాణం సుఖంగా సాగింది.

మహబూబాబాద్ మిస్త్రీ ముసలాయన. పంపు విప్పి లోపలికి చూశాడు. డీజిల్ బెల్లం పాకంలా గడ్డకట్టి ఉంది.

"ఎన్నేండ్లాయె దీనికి తాగవెట్టక?"

"నాలుగేండ్లు."

"మనిషైతే నిన్ను తిట్టి సచ్చేటోడు."

సాయంత్రానికి పంపు కొత్తదానిలా చేసి చేతికిచ్చాడు. ఇస్తూ, "బిగించినంక పైపులల్ల గాలి మొత్తం తీయాలె. ఒక్కనితోని గాదు. ఒకలు చావి తిప్పాలె, ఒకలు ఇంజన్ కాడ నట్టు వదులు జేస్తుండాలె. యాదుంచుకో," అన్నాడు. నేను తలూపాను. ఒక్కణ్నే చేయగలననే అనుకున్నాను.

పంపు బిగించిన రోజు పక్కింట్లో పసుపు దంచుతున్నారు. పందిరివాళ్లు వచ్చేది మర్నాడే. సందులోని ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. మా ఆవిడా చీర మార్చుకుని బయలుదేరింది.

"మన బండిని తూకానికెయ్యమన్న ఇంటికి పోతవా?" అన్నాను.

"అన్నది ఆయన. రోకలి గిట్ల ఏమన్న అన్నదా?" అని వెళ్లిపోయింది.

ఒక్కణ్నే చావి తిప్పాను. దిగి ఇంజిన్ దగ్గరికి పరుగెత్తాను. నట్టు వదులు చేసేసరికి ఇంజిన్ తిరగడం ఆగిపోయేది. మళ్లీ సీట్లోకి, మళ్లీ ఇంజిన్ దగ్గరికి. ఆరుసార్లు. బ్యాటరీ మూలగడం మొదలుపెట్టింది. అది దిగిపోతే ఆ పూటకు మరో దారి లేదు.

అప్పుడు పక్కింటాయన గేటు తీసుకుని వచ్చాడు. ఇల్లంతా ఆడవాళ్లుండడంతో ఆయనకు అక్కడ నిలబడే చోటు లేనట్టుంది. భూపాలపల్లి తలుపు తెరిచి, నా సీట్లో కూర్చున్నాడు.

"ఏం జెయ్యాలె?"

పొమ్మందామనుకున్నాను. బ్యాటరీ గుర్తొచ్చింది.

"తిప్పుమంటె తిప్పుండ్రి. ఆపుమంటె ఆపుండ్రి."

"గంతేనా? దీనికేనా పొద్దటిసంది ఉరుకుతున్నవు?"

తిప్పాడు. నట్టు దగ్గర నురగ వచ్చింది, బుడగలు వచ్చాయి, చివరికి తేట డీజిల్ వచ్చింది. బిగించాను. రెండోది, మూడోది అలాగే అయ్యాయి. నాలుగో నట్టు దగ్గర డీజిల్ ఒక్కసారిగా నా కళ్లలోకి చిమ్మింది. "ఆపన్నా, ఆపు!" అని అరిచాను.

ఆపాడు. విన్నాడు కూడా. కళ్లు తుడుచుకుని పక్కకు వంగి చూస్తే, కిటికీలో ఆయన మీసం కదిలింది. తొందరలో వచ్చిన మాట అది. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

మరోసారి తిప్పితే ఇంజిన్ అందుకుంది. నాలుగేళ్ల పొగ ఒక్కసారిగా బయటపడి గోడ దాటి పక్కింటి వాకిట్లోకి పోయింది. రోకళ్లు ఆగిపోయాయి. దగ్గుల మధ్య మా ఆవిడ గొంతు వినిపించింది. "పసుపంత కరాబైతది, ముంగటికి తోలు!"

"దిగుండ్రి," అన్నాను ఆయనతో. ఆయన దిగలేదు, పక్క సీట్లోకి జరిగాడు. మొదటి గేరులో సందు దాటించి రోడ్డు మీదికి వచ్చాక, "బిరేకులు ఉన్నయా?" అని అడిగాడు.

"ఉన్నయి."

"ఉంటె మంచిది," అన్నాడు.

మర్నాడు బండి నిలబడిన చోటే గుంజ పాతారు.

పెళ్లికి ముందురోజు ఆయన భార్య వచ్చింది. ఆమెతో నాకే తగాదా లేదు, ఎప్పుడూ అక్కే. "తమ్మీ, ఐరేని కుండలు నీ బండ్లనే తెద్దాం. ఆటోలైతె కుదుపుకు పలుగుతయ్," అంది. పెళ్లిపీటల దగ్గర పెట్టే రంగుల కుండలు అవి. కుమ్మరి ఇంటి నుంచి డప్పులతో తేవాలి. దారిలో ఒక్కటి పగిలినా మంచిది కాదంటారు.

"ఇంటాయన ఒప్పుకున్నడా?"

"ఒప్పుకునుడేంది? అన్నదే ఆయన. నీ దగ్గరికి రాను మొఖం చెల్లక నన్ను తోలిండు."

దాన్ని నేను క్షమాపణ కింద జమ చేసుకోలేదు. ఎవరి నోట జారిన మాటను ఆ నోరే వెనక్కి తీసుకోవాలి. కానీ కుండలు ఏ తప్పూ చేయలేదు కనుక వెళ్లాను.

వెనక వరిగడ్డి పరిచి కుండలు పెట్టాం. చుట్టూ ఆడవాళ్లు కూర్చున్నారు, ముందు డప్పులు నడిచాయి. కుమ్మరి ఇంటి నుంచి మా సందు దాకా ఏడు స్పీడ్ బ్రేకర్లున్నాయి. ప్రతిదాని దగ్గరా, నా పక్క సీట్లో కూర్చున్న పక్కింటాయన తల బయట పెట్టి వెనక్కి చూశాడు. నేను చూడలేదు. ఆ పట్టీలు విప్పి బిగించింది నేనే. ఒక్క కుండ కూడా పలగలేదు.

కుండలు దించాక బండిని రోడ్డు పక్కనే నిలిపాను. "నాలుగు రోజులే తమ్మీ. అయినంక నీ జాగల నువ్వు పెట్టుకో," అన్నాడాయన.

ఐదో రోజు పొద్దున లేచి చూస్తే పందిరి అలాగే ఉంది. రోడ్డు మీదికి పోయి బండి తీశాను, మొదటి తిప్పుకే అందుకుంది. సందు మొదట్లో నిలబెట్టి హారన్ కొట్టాను. పక్కింటాయన బనియన్ మీద, నిద్ర కళ్లతో బయటికొచ్చాడు.

"విప్పుతున్న, విప్పుతున్న! జర ఆగరాదే!"

"విప్పుండ్రి," అన్నాను. ఇంజిన్ ఆపకుండానే కూర్చున్నాను.