ఏటి వాలు

మా బావగారు పోయారన్న కబురు తెల్లవారుతూనే వచ్చింది. కోవూరు నుంచి పాలేరు సైకిలు మీద వంతెన దాటి వచ్చి, మా గుమ్మం ముందు నిలబడి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. అతను నోరు తెరవకముందే నాకు అర్థమైపోయింది. రెండు నెలలుగా మంచం మీదే ఉన్న మనిషి, అనుకున్నదే.

ఆయన మా అక్క భర్త. మొలగొలుకుల వడ్లు పండించే రైతు. పేపర్లో ఆయన ఫొటో ఎన్నడూ పడలేదు. ఈ నాలుగు ముక్కలు రాయకపోతే ఆయన చేసిన పని మా క్లబ్బు గోడల మధ్యే ఉండిపోతుందని రాస్తున్నాను. నేను ఎవరినీ ఊరికే పొగిడే రకాన్ని కాను. నాతో పనిచేసే పంతుళ్లను అడిగితే ఇంకా గట్టిగా చెబుతారు.

నెల్లూరులో పెన్న ఒడ్డున ఉన్న మా క్లబ్బులో దొరల కాలం నాటి బిలియర్డ్స్ బల్ల ఒకటుంది. పచ్చటి గుడ్డ పరిచిన పెద్ద బల్ల, నాలుగు మూలలా, పొడుగు వైపుల నడుమ జేబులు. మా వాళ్లు దాని మీద ఎక్కువగా స్నూకర్ ఆడతారు. తెల్లబంతిని కర్రతో కొట్టి, దాంతో ఒక ఎర్రబంతిని జేబులో వేయాలి, ఆ తర్వాత ఒక రంగుబంతిని. ఎర్రవి ఉన్నంతసేపు రంగుబంతిని మళ్లీ బల్ల మీద పెడతారు. అన్నీ అయ్యాక చివర మిగిలేది నల్లబంతి. చెప్పడానికి ఇంతే. ఆడబోతే ఏళ్లు పడుతుంది, నాకు ఇప్పటికీ రాలేదు.

బావగారు సాయంత్రం పొలం నుంచి ఇంటికెళ్లి స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని సైకిలెక్కి వచ్చేవారు. చెప్పులు గది బయటే విడిచేవారు. సముద్రపు గాలికి అరచేతులు చెమర్చకుండా మిగతావాళ్లు పౌడరు రాసుకునేవారు. ఆయన మాత్రం పొయ్యిలోని బూడిదను మెత్తగా జల్లించి గుడ్డలో మూటగట్టుకుని తెచ్చుకునేవారు. మా అక్క ఎగతాళి చేసేది, "ఆ బల్ల గూడా పచ్చంగానే ఉండాదిగా, ఆడే నాట్లేసుకోండి" అని. ఆయన నవ్వి, బూడిద మూట జేబులో వేసుకుని బయల్దేరేవారు.

నాకు ఆట నేర్పాలని ఆయన చాలా పాటుపడ్డారు. నేను బలమంతా పెట్టి కొట్టేవాణ్ణి. ఆయన పక్కన నిలబడి ఎప్పుడూ ఒకే మాట అనేవారు, "కొట్టబాక అబ్బయా. పంపించు." బడిలో పిల్లల మీద కోపం వచ్చినప్పుడల్లా ఆ మాట నా చెవిలో పడుతుంది. కొన్నిసార్లు పనిచేస్తుంది కూడా.

ఇక ఏటి వాలు సంగతి చెప్పాలి. వరద వచ్చినప్పుడల్లా క్లబ్బు నేల పెన్న వైపుకు కొంచెం కుంగేది. దాంతోపాటే బల్ల కూడా. గట్టిగా కొట్టిన బంతికి ఏమీ తెలియదు. మెల్లగా పంపిన బంతి మాత్రం చివరికొచ్చేసరికి ఏటి వైపుకు జరుగుతుంది. మా వాళ్లందరూ ఆ బల్ల మీదే ఆట నేర్చుకున్నారు. ఎంత జరుగుతుందో అంత వదిలిపెట్టి, ఊరి వైపుకు గురిచూసి కొట్టేవారు. ఎవరూ చెప్పి నేర్పింది కాదు, చేతికి అలవాటైపోయింది. బయటి ఊళ్లవాళ్లు వస్తే వాళ్ల బంతులు ఎందుకు తప్పుతున్నాయో వాళ్లకే తెలిసేది కాదు. మేం మీసాల చాటున నవ్వుకునేవాళ్లం.

చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు మా క్లబ్బుకు పెద్ద అవకాశం వచ్చింది. రాష్ట్రంలో మొదటి నలుగురు ఆటగాళ్లెవరో తేల్చే పోటీ నెల్లూరులో పెట్టారు. ఆ జాబితాలో ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద జరిగే పోటీకి వెళతారు. బావగారు ఇరవై ఏళ్లుగా ఆడుతున్నారు. ఆ జాబితాలో ఒక్కసారి చోటు దొరికితే చాలని నాతో ఒకసారి వంతెన మీద నడుస్తూ అన్నారు. ఇంకెవరితోనూ అనలేదు. ఆయనకు అప్పటికే యాభై దగ్గరపడుతోంది, మళ్లీ ఇంత దగ్గరికి వస్తుందన్న ఆశ లేదు. మా బల్ల, మా వాలు. ఈసారి తప్పక వస్తుందని క్లబ్బంతా లెక్కలేసుకుంది.

పోటీకి ముందురోజు పొద్దున ఆయన ఇంటి నుంచి ఇత్తడి పళ్లెం తెచ్చారు. దాన్లో అంచుకు కాస్త కిందిదాకా నీళ్లు పోసి, బల్ల మీద మడతపెట్టిన తుండుగుడ్డ వేసి దాని మీద పెట్టారు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. ఏటి వైపు నీళ్లు అంచును తాకాయి, ఊరి వైపు ఇత్తడి బయటపడింది. మళ్లు చదును చేసే రైతు కదా, ఆయనకు తెలిసిన కొలత అది. బల్లను సరిచేద్దామన్నారు.

క్లబ్బు సెక్రటరీ ప్లీడరుగారికి కోపం వచ్చింది. ఏరు మన ఊరిదే, దాని వల్ల మనకు కాస్త మేలు జరిగితే తప్పేమిటని వాదించారు. కోర్టులో వాదించినట్టే గట్టిగా వాదించారు. నేనూ ఆయన వైపే మాట్లాడాను. బావగారు అంతా విన్నారు. పళ్లెం వైపు చూస్తూ అన్నారు.

"ఏటి వాలుతో గెలిస్తే గెలిచేది ఏరు గదా. నేను గాదు."

బావగారే నిమ్మకాయలు మోసే లారీ నుంచి జాకీలు తెప్పించారు. బల్ల కాళ్లు ఒక్కొక్కటే లేపి, కింద పేకముక్కలు దూర్చడం మొదలుపెట్టారు. పేకముక్క పలుచన, చదును, అణగదు. ఒకటి పెట్టడం, పళ్లెం చూడడం, ఇంకొకటి పెట్టడం. తమ పేకలు పోతున్నాయని పక్కగదిలో రమ్మీ ఆడేవాళ్లు గొణుక్కున్నారు. ప్లీడరుగారు చిరిగిన పాత పేక ఒకటి విసిరేసినట్టు ఇచ్చి వెళ్లిపోయారు. పొద్దువాలే వేళకు నీళ్లు పళ్లెం చుట్టూ ఒకే ఎత్తున నిలిచాయి. బావగారు ఆ పళ్లెం రెండు చేతులతో ఎత్తి గది బయటకు తీసుకెళుతుంటే మేమంతా పక్కకు తప్పుకుని దారిచ్చాం.

పోటీలో ఆయన తడబడుతూనే నెగ్గుకొచ్చి, నాలుగో స్థానం కోసం హైదరాబాదు ఆటగాడితో తలపడ్డారు. అయిదాటల్లో మూడు గెలవాలి. అతను నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, మెడకు బో టై కట్టుకున్న చక్కటి మనిషి. మొదటి రెండు ఆటలూ బావగారు ఓడిపోయారు. మెల్లగా పంపిన ప్రతి బంతీ ఊరి వైపు అంచుకు తగిలి ఆగిపోయింది. వాలు పోయింది గానీ చేతిలోంచి పోలేదు. మా వాళ్లు తలలు పట్టుకున్నారు. ప్లీడరుగారు నా వైపు చూసి, చూశావా అన్నట్టు కనుబొమలెత్తారు.

మూడో ఆటకు ముందు బావగారు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. ఏం చేశారో నాకు తెలియదు. ఇరవై ఏళ్ల అలవాటును ఆ కాసేపట్లో ఎక్కడ దించి వచ్చారో ఇప్పటికీ ఊహకందదు. లేచి, చేతులకు బూడిద రాసుకుని, కర్ర పట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన పంపిన బంతి పంపినట్టే వెళ్లింది. ఎర్రబంతి, నల్లబంతి, మళ్లీ ఎర్రబంతి. బల్ల చుట్టూ చెప్పుల్లేని కాళ్లతో చప్పుడు లేకుండా తిరుగుతున్నారు. హైదరాబాదు ఆయన తన వంతు రాకపోయినా బాధపడడం మానేసి, ముందుకు వంగి చూస్తున్నాడు. రోజూ మా ఇంట్లో మజ్జిగ తాగి వెళ్లే మనిషే ఈయన అని నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఆటా, ఆ తర్వాతదీ ఆయనవే.

చివరి ఆటలో చివరికి నల్లబంతి ఒక్కటే మిగిలింది. వేసినవాడిదే గెలుపు. బావగారి వంతు. జేబుకు తిన్నగా ఉంది, సులువైన బంతి. గట్టిగా కొడితే మాత్రం తెల్లబంతి కూడా దాని వెనకే జేబులో పడి ఆట పోతుంది. మెల్లగా పంపాలి. పంపారు. నల్లబంతి నెమ్మదిగా వెళ్లి, ఊరి వైపు అంచుకు వడ్లగింజంత తగిలి, జేబు నోటి దగ్గర ఆగిపోయింది. హైదరాబాదు ఆయన లేచి దాన్ని వేశాడు.

బావగారు తన కుడిచేతిని ఒకసారి తిప్పి చూసుకున్నారు. నా దగ్గరికొచ్చి నవ్వారు.

"చెయ్యి ఇంకా ఏటిగట్టునే ఉండాదబ్బయా. బుద్ధి వచ్చినంత తొందరగా అది రాలా."

ప్లీడరుగారు ఉక్రోషం పట్టలేక, నిన్నటిదాకా బల్ల ఎలా ఉందో, దాన్ని సరిచేయించింది ఎవరో హైదరాబాదు ఆయనకు చెప్పేశారు. అతను గది అటు చివర నుంచి వచ్చి, బూడిద అంటిన బావగారి చేతిని తీసుకుని కళ్లకద్దుకున్నాడు. అంత ఆట చూశాక కూడా నిబ్బరంగా ఉన్న నాకు అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మరుసటి ఏడు పోటీ వేరే ఊళ్లో, కోతల కాలంలో వచ్చింది. ఆయన వెళ్లలేదు. ఆ తర్వాత చూపు మందగించింది. జాబితాలో ఆయన పేరు ఎప్పుడూ లేదు. ఒక పని మాత్రం మానలేదు. ఏటా పెన్నలో వరద తగ్గిన తర్వాత పళ్లెం పట్టుకుని క్లబ్బుకు వచ్చేవారు. జాకీలు, పాత పేకముక్కలు, నీళ్లు. ప్లీడరుగారు ఆ గది ఛాయలకు వచ్చేవారు కాదు.

పెద్దకర్మ నాడు అందరూ వెళ్లిపోయాక మా అక్క ఆ పళ్లెం తోమి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఈ ఏడు వరదొచ్చేతలికి ఆయన మంచంలో ఉండె. బల్ల ఎట్టుండాదో అని అడగతానే ఉన్న్యాడు. నువ్వన్నా చూడరా."

మర్నాడు సాయంత్రం క్లబ్బుకు వెళ్లాను. బల్ల మధ్యలో తెల్లబంతి పెట్టి చేయి తీసేశాను. కాసేపు కదలలేదు. తర్వాత నిదానంగా, ఎవరూ పంపకుండానే, ఏటి వైపుకు బయల్దేరింది. నేను పళ్లెంలో నీళ్లు పోసి తుండుగుడ్డ మీద పెట్టాను. నాకు అలవాటు లేక నాలుగు చుక్కలు గుడ్డ మీద ఒలికాయి. పాత పేక ఏదైనా ఉందా అని పక్కగదిలోకి కేకేశాను.

వచ్చింది ప్లీడరుగారు. ఆయన కూడా ముసలివారయ్యారు. పళ్లెం దగ్గర వంగి, ఏటి వైపు అంచును తాకుతున్న నీళ్లను చాలాసేపు చూశారు. కోటు జేబులోంచి కొత్త పేక తీసి, సీలు చించి, మొదటి ముక్కను నా చేతికిచ్చారు.